మోటారు వేస్తే దీపం ఎందుకు మసకబారుతుంది?

సాయంకాలం ఏడు గంటల వేళ ఇంట్లో దీపం నిండుగా వెలుగుతూ ఉంటుంది. పక్క పొలంలో ఎవరో మోటారు వేస్తారు. దీపం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నట్టు మసకబారి, మళ్ళీ లేస్తుంది. లేచినా మునుపటి వెలుగు మాత్రం రాదు. ఈ దృశ్యం చూడని పల్లె లేదు. కోలారు మెరకల్లో ఉన్నవారైనా, హోసూరు పక్కన ఉన్నవారైనా, కోయంబత్తూరు నల్లరేగడిలో వ్యవసాయం చేసేవారైనా, కోరాపుట్టు కొండల్లో కాపురముండేవారైనా దీన్ని ఎరుగుదురు. ఆ క్షణంలో మన నోట వచ్చే మాట కూడా ఒక్కటే. "వాడు మోటారు వేసినాడు, మన కరెంటు లాగేసినాడు" అంటాం.

ఈ మాట వెనుక ఒక పొరపాటు ఉంది. ఆ పొరపాటు వల్ల అన్నదమ్ములు విడిపోయిన ఇల్లు ఒకటి నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది మా ఇల్లే. ఆ సంగతి తరువాత చెబుతాను. భారం పడితే వోల్టేజీ ఎందుకు పడిపోతుంది అన్న చిన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మనిషికి ఎంత కాలం పట్టిందో, ఆ జవాబు మన ప్రాంతపు చరిత్రను ఎలా మలుపు తిప్పిందో ముందుగా చూద్దాం.

కథ 1800లో మొదలవుతుంది. ఆ ఏడాది మార్చి 20వ తేదీన ఇటలీకి చెందిన అలెస్సాండ్రో వోల్టా లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరిస్తే ఆగకుండా విద్యుత్తు వస్తుందని అందులో తెలిపాడు. అంతవరకూ మనిషి చూసిన విద్యుత్తు మెరుపులాంటిది, తళుక్కున మెరిసి పోయేది. ఊటబావిలో నీరులా ఊరుతూనే ఉండే విద్యుత్తును చూడడం అదే మొదలు. ఈనాడు మనం వోల్టు అంటున్నది ఆయన పేరే.

అయితే ఆ దొంతరకు ఒక జబ్బు ఉంది. తీగ తగిలించకుండా ఊరికే ఉంచితే బలంగానే ఉంటుంది. తీగ తగిలించి పని చేయించిన వెంటనే నీరసపడుతుంది. కొంతసేపటికి ఇంకా నీరసపడుతుంది. తీగ తీసి విశ్రాంతి ఇస్తే మళ్ళీ కొంత తేరుకుంటుంది. ఎందుకలా అవుతోందో ఆనాటి పండితులకు అంతుపట్టలేదు.

ఆ చిక్కుముడి విప్పినవాడు ఒక బడి పంతులు. పేరు జార్జ్ సైమన్ ఓమ్. జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో 1789లో పుట్టాడు. 1817 నుంచి కొలోన్ నగరంలోని ఒక పాఠశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాడు. పాఠాలు ముగిశాక ప్రయోగాలు చేసుకునేవాడు. తీగ పొడవు పెరిగితే విద్యుత్ ప్రవాహం ఎంత తగ్గుతుంది అన్నది ఆయన ప్రశ్న. 1825లో వోల్టా తరహా బ్యాటరీతో ప్రయోగం చేసి ఒక సూత్రం ప్రకటించాడు. ఆ సూత్రం తప్పు.

శ్రోతలారా, ఆయన ఎందుకు తప్పాడో గమనించండి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆయన తీగలు మారుస్తున్నాడు, ప్రవాహం కొలుస్తున్నాడు, బ్యాటరీ మాత్రం మారకుండా ఉందని అనుకుంటున్నాడు. కానీ పొట్టి తీగ తగిలిస్తే ఎక్కువ ప్రవాహం పోయి బ్యాటరీ నీరసపడుతోంది. పొడుగు తీగ తగిలిస్తే తక్కువ ప్రవాహం పోయి బ్యాటరీ తేరుకుంటోంది. తూకం వేస్తున్నప్పుడు తక్కెడే వంగిపోతూ ఉంటే సరుకు బరువు ఎలా తెలుస్తుంది? ఆయన పరిస్థితి అదే. మన పొలంలో మోటారును కాల్చే జబ్బే ఆయన లెక్కను తప్పించింది.

ఆయన ప్రయోగాలు అచ్చువేసిన పత్రిక సంపాదకుడు పొగ్గెండార్ఫ్ ఒక మంచి సలహా ఇచ్చాడు. బ్యాటరీ వదిలేయండి, వేడితో పుట్టే విద్యుత్తు వాడిచూడండి అన్నాడు. రెండు వేరు వేరు లోహాలను రెండు చోట్ల అతికించి, ఒక అతుకును వేడిగా, ఒక అతుకును చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుందని 1821లో జీబెక్ అనే ఆయన కనిపెట్టి ఉన్నాడు. ఓమ్ రాగిని, బిస్మత్‌ను అతికించి ఒక కొసను మరిగే నీటిలో, ఇంకొక కొసను కరిగే మంచులో ఉంచాడు. మరిగే నీటి వేడి మారదు, కరిగే మంచు చలువ మారదు. కనుక పుట్టే బలం కూడా మారదు. చాలా కొద్ది బలమే, కానీ నిలకడ గలది.

ఇప్పుడు ఆయన 2 అంగుళాల నుంచి 130 అంగుళాల వరకు ఎనిమిది రాగి తీగలు తీసుకుని ఒక్కొక్కటే తగిలించి కొలిచాడు. 1826లో సరైన సూత్రం దొరికింది. దాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. పుట్టే బలాన్ని రెండు అడ్డంకుల మొత్తంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. ఒక అడ్డంకి మనం తగిలించిన తీగది. రెండవ అడ్డంకి, తీగ ఏదైనా మారకుండా ఉండేది. అది పుట్టించే సాధనంలోనూ, దానికి అంటిపెట్టుకున్న భాగాల్లోనూ ఉండే అడ్డంకి. ఓమ్ సాధనంలో అది సుమారు 20 అంగుళాల తీగతో సమానమని తేలింది. అంటే ఆయన 2 అంగుళాల తీగ తగిలించినా, విద్యుత్తు 22 అంగుళాల తీగ దాటినంత శ్రమ పడుతోందన్నమాట.

ఆ కనపడని 20 అంగుళాలే మన ప్రశ్నకు జవాబు. విద్యుత్తును ఇచ్చే ప్రతి వస్తువు లోపలా కొంత అడ్డంకి ఉంటుంది. దాన్ని అంతర్నిరోధం అంటారు. టార్చిలైటు సెల్లులో ఉంటుంది, కారు బ్యాటరీలో ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరులో ఉంటుంది, మహా పెద్ద జనరేటరులో కూడా ఉంటుంది. ప్రవాహం లేనప్పుడు ఆ అడ్డంకికి పని లేదు. ప్రవాహం మొదలైతే, పుట్టిన వోల్టేజీలో కొంత భాగం ఆ అడ్డంకిని దాటడానికే ఖర్చవుతుంది. మిగిలిందే మనకు అందుతుంది. ఎంత ఎక్కువ ప్రవాహం లాగితే అంత ఎక్కువ లోపలే ఖర్చవుతుంది.

మన చెరువుల భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. చెరువు తూము ఎత్తి, కాలువ చివర అడ్డుకట్ట వేశారనుకోండి. కాలువ నిండుతుంది. నీరు నిలిచాక చూస్తే కాలువ చివర నీటిమట్టం చెరువు మట్టంతో సమానంగా ఉంటుంది. ఇప్పుడు అడ్డుకట్ట తెంచి నీళ్ళు మడిలోకి వదలండి. చివర మట్టం దిగిపోతుంది. కాలువ పొడవునా నీరు వాలుగా నిలుస్తుంది. నిలిచిన నీటికి వాలు లేదు, పారే నీటికే వాలు. కాలువ ఇరుకైతే వాలు ఎక్కువ. పూడిక ఉంటే ఇంకా ఎక్కువ. పై మడివాడు కూడా మడవ తీస్తే మరీ ఎక్కువ. వోల్టేజీ పడిపోవడం అంటే ఈ వాలే. చెరువులో నీళ్ళు తగ్గలేదు, ఎవరూ దొంగిలించలేదు. పారుతున్న నీటికి దారి ఖర్చు పడుతోంది, అంతే.

1827లో ఓమ్ తన సిద్ధాంతాన్ని పుస్తకంగా వేశాడు. గొప్ప పదవి వస్తుందని ఆశపడ్డాడు. ఆదరణ లేకపోగా నిరసన ఎదురైంది. కొలోన్‌లో ఉద్యోగం వదులుకుని కొన్నేళ్ళు చాలీచాలని సంపాదనతో గడిపాడు. 1833లో గాని న్యూరెంబర్గ్‌లో ఒక స్థిరమైన కొలువు దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చి గౌరవించింది. కోరుకున్న ఆచార్య పదవి 1852లో మ్యూనిక్‌లో దక్కింది. 1854లో కన్నుమూశాడు. అడ్డంకిని కొలిచే ప్రమాణానికి ఓమ్ అనే పేరును 1881లో పారిస్ మహాసభ ఖాయం చేసింది. అప్పటికి ఆయన పోయి 27 ఏళ్ళు.

ఇంతలో బ్యాటరీ జబ్బుకు రెండవ కారణం కూడా తెలిసింది. పని చేసే కొద్దీ రాగి పలక మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని దారి మూసేస్తాయి, ఎదురు బలం కూడా పుట్టిస్తాయి. 1836లో లండన్‌కు చెందిన డేనియల్ రెండు ద్రవాలు వాడి ఆ బుడగల బెడద తప్పించాడు. తంతి కార్యాలయాలు చాలాకాలం ఆయన సెల్లుల మీద నడిచాయి.

తరువాతి అంకం అమెరికాలో జరిగింది. వీధులకు విద్యుద్దీపాలు ఇవ్వాలని ఎడిసన్ పూనుకున్నప్పుడు, ఇంజనీర్లలో ఒక నమ్మకం బలంగా ఉండేది. డైనమో లోపలి అడ్డంకి, బయటి దీపాల అడ్డంకి సమానంగా ఉంటేనే మేలు అనేవారు. అలా ఉంటే గరిష్ఠ శక్తి బయటికి వస్తుందన్న మాట నిజమే. కానీ అప్పుడు పుట్టిన వోల్టేజీలో సగం డైనమో లోపలే వేడిగా పోతుంది. పది బస్తాల బొగ్గు కాలిస్తే అయిదు బస్తాలు యంత్రాన్ని వేడి చేయడానికే సరి. ఎడిసన్, ఆయన దగ్గర లెక్కలు చూసే అప్టన్ ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, 1879లో లోపలి అడ్డంకి చాలా తక్కువగా ఉండే డైనమో కట్టారు. దీపానికి మాత్రం ఎక్కువ అడ్డంకి పెట్టారు. ఒక దీపం ఆర్పినా, పది దీపాలు వెలిగించినా మిగతా దీపాలు చలించకుండా ఉండడానికి అదే మార్గం.

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీధి విద్యుత్ కేంద్రం సుమారు 400 దీపాలతో మొదలైంది. అక్కడా తీగల గొడవ వచ్చింది. కేంద్రం పక్క ఇంట్లో దీపం కళ్ళు జిగేలుమనేలా, వీధి చివర ఇంట్లో మసకగా ఉంటే ఎవరు డబ్బు కడతారు? దానికి ఎడిసన్ ముందే ఒక ఉపాయం ఆలోచించి ఉన్నాడు. లావు తీగలను కేంద్రం నుంచి సరాసరి పేట మధ్యలోకి తీసుకుపోయి, దారిలో ఒక్క దీపం కూడా తగిలించకుండా, అక్కడి నుంచి సన్నని తీగలతో ఇళ్ళకు పంచాడు. అయినా 110 వోల్టులతో ఒక మైలు దాటడం కనాకష్టం. దూరం పోవాలంటే రాగి కొనలేనంత కావాలి.

ఆ గోడను బద్దలు కొట్టింది ట్రాన్స్‌ఫార్మరు. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో ముగ్గురు ఇంజనీర్లు నేటి రూపంలో ట్రాన్స్‌ఫార్మరు తయారు చేశారు. అది వోల్టేజీని పెంచగలదు, తగ్గించగలదు. వోల్టేజీ పెంచితే లాభమేమిటి? అదే శక్తిని పంపడానికి ప్రవాహం తక్కువ చాలు. ప్రవాహం తక్కువైతే దారి ఖర్చు తక్కువ. వోల్టేజీ వంద రెట్లు పెంచితే ప్రవాహం వందో వంతు అవుతుంది. అదే తీగలో వేడిగా పోయే శక్తి పదివేలో వంతుకు దిగుతుంది. 1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వరకు 175 కిలోమీటర్ల దూరం విద్యుత్తు పంపి ఈ సంగతి రుజువు చేశారు.

ఇక మన నేలకు వద్దాం. కోలారు బంగారు గనులు అప్పటికే భూమిలోకి లోతుగా దిగుతున్నాయి. రాయి పైకి లాగాలి, నీళ్ళు తోడాలి, గాలి ఊదాలి. అంతా ఆవిరి యంత్రాల మీదే. దూరం నుంచి తెచ్చే బొగ్గు ఖరీదు, చుట్టుపక్కల కట్టెలు తరిగిపోతున్నాయి. ఆ గనుల్లో తమిళులతో పాటు చిత్తూరు, కోలారు వైపు తెలుగు కుటుంబాలు ఎన్నో పనిచేసేవి. ఈ ప్రసంగం వింటున్నవారిలో మా తాత గనిలో దిగినవాడే అని చెప్పుకోగలవారు తప్పక ఉంటారు.

మైసూరు సంస్థాన దివాను శేషాద్రి అయ్యరు హయాములో, లోబినియర్ అనే ఇంజనీరు కావేరి శివసముద్రం జలపాతం మీద కన్నువేశాడు. జలపాతం నుంచి గనులకు దూరం 92 మైళ్ళు. ఆనాటికి ఆసియాలో అంత దూరం విద్యుత్తు పంపడం సాహసమే. 1902 జూన్ నెలాఖరులో ఆ కేంద్రం మొదలైంది. యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి, లైను మీద వోల్టేజీ సుమారు 30 వేలు. గనులకు మొదట ఇవ్వవలసింది సుమారు 4,000 అశ్వశక్తి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆ 4,000 అశ్వశక్తిని మూడు ఫేజులలో 30 వేల వోల్టులతో పంపితే ఒక్కొక్క తీగలో పోయే ప్రవాహం 60 ఆంపియర్లకు లోపే. అదే మన ఇంటికి వచ్చే వోల్టేజీతో పంపాలంటే వేల ఆంపియర్లు కావాలి. 92 మైళ్ళ దారిలో మొత్తం వోల్టేజీ కొండల్లోనే ఖర్చయిపోయి, గని దగ్గరికి ఏమీ చేరదు. గని లోపల మనుషులను పైకి తెచ్చే యంత్రం నడుమ దారిలో నీరసపడితే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. అందుకే గని ఇంజనీరుకు వోల్టేజీ నిలకడ అంటే కాగితం మీద అంకె కాదు, మనిషి ప్రాణం. గనిలో భారం పెరిగినప్పుడల్లా జనరేటరు అయస్కాంతాలకు ఇచ్చే ప్రవాహాన్ని పెంచి, లోపల ఖర్చయిన వోల్టేజీని పూడ్చాలి. విద్యుత్ కేంద్రంలో కూర్చున్నవాడి కన్ను మీటరు మీద నుంచి కదలకూడదు. తరువాతి కాలంలో ఆ పనిని తనంతట తానే చేసే సాధనాలు వచ్చాయి.

శివసముద్రం విద్యుత్తు 1905లో బెంగుళూరు వీధుల్లో, 1908లో మైసూరులో వెలిగింది. లైను కింద ఉన్న పల్లెలు మాత్రం దశాబ్దాల తరబడి కిరసనాయిలు బుడ్లతోనే గడిపాయి. ఏ గనుల కోసం ఆ తీగ వేశారో, ఆ గనులు 2001 ఫిబ్రవరి నెలాఖరుకు మూతపడ్డాయి.

తమిళనాడు వైపు చూస్తే, నీలగిరిలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలై కోయంబత్తూరు ముఖచిత్రాన్నే మార్చింది. అక్కడి తెలుగువారు నూలు మిల్లులు పెట్టారు. లోతైన బావుల మీద మోటారు పంపులు వాలాయి. 1937లో అక్కడే జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి మోటారు తయారు చేశారు. ఒరిస్సా, ఆంధ్ర సరిహద్దులో మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తిగా మొదలైంది. ఇలా విద్యుత్తు ఊరూరికీ వచ్చింది. విద్యుత్తుతో పాటు వోల్టు, ఆంపియరు, ఫ్యూజు, స్టార్టరు అనే మాటలు మన తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. ఓమ్ పేరు మాత్రం పల్లెకు చేరలేదు. ఆయన జబ్బు చేరింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

అప్పటి కోలారు జిల్లాలో ఒక చిన్న పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా నాయనకూ పెద్దనాయనకూ పక్కపక్కనే పొలాలు, చెరొక బాయి, చెరొక అయిదు అశ్వశక్తుల మోటారు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు నుంచి లైను ముందు పెద్దనాయన బాయి దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మా బాయి దగ్గర ముగిసేది. మాకు ఉన్నది ఒకటిన్నర ఎకరా మల్బరీ తోట. పట్టుపురుగుల పెంపకమే జీవనం.

పెద్దనాయన మోటారు ముందుగా తిరుగుతూ ఉంటే మా మోటారు లేచేది కాదు. గుర్రుమని మూలిగి ఆగిపోయేది. ఎలాగో లేచినా ఒళ్ళు కాలిపోయేటంత వేడెక్కేది. ఒక వేసవిలో మూడు నెలల్లో రెండుసార్లు వైండింగు కాలింది. రెండవసారి కాలినప్పుడు పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పట్టు పెంచేవారికి ఆ మాట అర్థమవుతుంది. పురుగు తన జీవితంలో తినే ఆకులో ముప్పాతికకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. నీళ్ళు లేక తోట వాడింది. ఆకు కొనడానికి డబ్బు లేదు. తట్టల్లో పురుగులు తలలెత్తి ఆకు కోసం వెతుకుతూ ఉంటే మా అమ్మ ఆ గదిలోకి పోలేకపోయింది. శిడ్లఘట్ట సంతకు ఆ పంట పోనే లేదు.

"అన్న కావాలనే మనం మోటారు వేసే పొద్దుకే వేస్తాడు. వాళ్ళ స్టార్టరులో ఏదో చేయించినాడు" అన్నాడు మా నాయన.

"మీ నాయన మోటారు వేస్తే మాకూ తగ్గుతుండాది రా. ఆయప్పే దొంగ కనెక్షను ఇచ్చుకున్యాడు" అని పెద్దనాయన నాతో అన్నాడు.

ఫిర్యాదు ఇస్తే ఒక మధ్యాహ్నం లైనుమాను వచ్చాడు. ఆ వేళకు ఎవరి మోటారూ తిరగడం లేదు. మీటరు పెట్టి చూసి 415 వోల్టులు నిండుగా ఉన్నాయి, మీ మోటారులోనే దోషం ఉంది అని చెప్పి పోయాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. మీటరు కూడా అబద్ధం చెప్పలేదు. నిలిచిన కాలువకు వాలు ఉండదని ఇందాక అనుకున్నాం కదా. ఆయన కొలిచింది నిలిచిన కాలువను. అన్నదమ్ముల మధ్య రెండేళ్ళు మాటలు లేవు. మా అక్క పెళ్ళికి పెద్దనాయన రాలేదు.

నేను డిప్లొమా చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక మీటరు అడిగి తెచ్చుకున్నాను. తెల్లవారుజామున ఎవరూ మోటారు వేయకముందు మా బాయి దగ్గర కొలిచాను. 410 పైన ఉంది. మా మోటారు ఒక్కటే వేసి కొలిస్తే 360కి దిగింది. పెద్దనాయన కూడా వేశాక 310 వచ్చింది. ఊళ్ళో మిగతా మోటార్లు కూడా లేచాక 300 కూడా లేదు. అదే వరుసలో పెద్దనాయన బాయి దగ్గరా కొలిచాను. మా మోటారు వేసినప్పుడల్లా ఆయనకూ తగ్గుతోంది, కాకపోతే మాకన్నా తక్కువగా. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఆయన బాయి వరకు ఇద్దరిదీ ఒకే దారి. ఇద్దరి ప్రవాహమూ ఆ దారిలోనే పోవాలి. ఇద్దరి దారి ఖర్చూ ఇద్దరి మీదా పడుతుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఊళ్ళో ప్రతివాడూ ప్రతివాడికీ కొంత తగ్గిస్తున్నాడు. చివర ఉన్నవాడికి అందరి పాపమూ చేరుతోంది.

మరి తక్కువ వోల్టేజీ మోటారును ఎందుకు కాలుస్తుంది? తక్కువ తిండి పెడితే మనిషి పని తగ్గించుకుంటాడు. మోటారు తగ్గించుకోదు. బాయిలో నీరు అంతే, పైపు ఎత్తు అంతే. చేయవలసిన పని తగ్గలేదు గనుక వోల్టేజీ తగ్గిన మేరకు ప్రవాహం ఎక్కువగా లాగుతుంది. 415 ఉండవలసిన చోట 300 ఉంటే, ఏడెనిమిది ఆంపియర్లు లాగే మోటారు పదికి పైగా లాగుతుంది. చుట్టలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక దాదాపు రెట్టింపవుతుంది. పైగా ఎక్కువ ప్రవాహం లాగిన కొద్దీ లైనులో వోల్టేజీ ఇంకా పడుతుంది. పడిన కొద్దీ ఇంకా లాగుతుంది. ఇక మొదట లేచేటప్పుడు మోటారు మామూలు కన్నా అయిదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణానికే ఇంట్లో దీపం కళ్ళు మూసుకుంటుంది. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. కనుక 300 వోల్టుల దగ్గర లేచే బలం సగానికి పడిపోతుంది. మూలుగు దానిదే.

నేను ఆ అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రెండు వరుసలుగా రాసి, ఇద్దరినీ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి రమ్మన్నాను. ముందు రామన్నారు, తరువాత వచ్చారు. లైను వెంట నడిచాం. మూడు చోట్ల అతుకులు వట్టి మెలికలే. తుప్పు పట్టి, రాత్రిళ్ళు నిప్పురవ్వలు రాలేవని పెద్దనాయనే చెప్పాడు. తీగ చూస్తే నాలుగు మోటార్లకని వేసింది, తగిలించినవి పదకొండు. ట్రాన్స్‌ఫార్మరు సంగతీ అంతే. నిండు లోడు మీద మంచి ట్రాన్స్‌ఫార్మరు లోపలే నూటికి మూడు నాలుగు వోల్టులు ఖర్చవుతాయి. రెండింతల లోడు వేస్తే ఆ ఖర్చూ రెండింతలు. వినియోగదారుడికి చెప్పిన వోల్టేజీ కన్నా నూటికి ఆరు వంతుల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో ఉండేది. మాకు వచ్చిన తేడా నూటికి పాతిక పైనే.

పెద్దనాయన నోటుపుస్తకం చాలాసేపు చూశాడు. "అయితే నువ్వూ లాగలేదు, నేనూ లాగలేదన్నమాట" అన్నాడు. మా నాయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నారు. తెల్లవారుజాము ఒకరిది, పొద్దు ఎక్కాక ఒకరిది. ఊరంతా సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీకి రెండేళ్ళ తరువాత మా వైపు వేరే ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. పోయిన పట్టు పంట తిరిగి రాలేదు. అక్క పెళ్ళీ తిరిగి రాదు. కానీ మా నాయన పోయినప్పుడు పాడె ముందు కొమ్ము పట్టింది పెద్దనాయనే.

ఇప్పుడు చాలా చోట్ల ఎడిసన్ ఉపాయానికీ శివసముద్రం ఉపాయానికీ పెళ్ళి చేసినట్టు ఒక పద్ధతి నడుస్తోంది. 11 వేల వోల్టుల లైనునే పొలాల దాకా తెచ్చి, ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. తక్కువ వోల్టేజీతో ప్రవాహం నడిచే దూరం తగ్గుతుంది. 92 మైళ్ళకు పనికివచ్చిన సూత్రమే రెండు ఫర్లాంగులకూ పనికివస్తుంది.

శ్రోతలారా, మీ ఇంటి దగ్గర మీరే చూసుకోదగిన సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాను. వోల్టేజీ కొలిచేటప్పుడు భారం లేకుండా ఒకసారి, భారం వేసి ఒకసారి కొలవండి. రెండింటి మధ్య తేడాయే అసలు సంగతి చెబుతుంది. తేడా ఎక్కువైతే ముందు అతుకులు, స్విచ్చులు, ఫ్యూజు బిగింపులు చూడండి. వేడెక్కిన అతుకు అంటే అక్కడ వోల్టేజీ ఖర్చవుతోందని అర్థం. అయితే తీగలను మీరు ముట్టుకోవద్దు, తెలిసినవారి చేత కరెంటు ఆపించి చూపించండి. బాయికి తీగ లాగేటప్పుడు సన్నని తీగతో పొదుపు చేయకండి. మోటారుకు తగిన కెపాసిటరు పెట్టించండి. అది లైను మీద అనవసరపు ప్రవాహాన్ని తగ్గిస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12 వోల్టుల పైన చూపించి, ఫ్యాను వేయగానే పడిపోతే దాని లోపలి అడ్డంకి పెరిగిందని, ముసలిదైందని గ్రహించండి. సెల్‌ఫోను ఛార్జరుకు పొడుగాటి సన్నని తీగ వేస్తే నెమ్మదిగా ఎక్కడానికి కూడా కారణం ఇదే.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. దీపం మసకబారినప్పుడు పక్క పొలం వైపు కోపంగా చూడకండి. ముందు మధ్యలో ఉన్న తీగ వైపు చూడండి. ఆ పక్క పొలంవాడు కూడా అదే వేళ మీ వైపు చూస్తూ ఉంటాడు.